గులాబీ మడిలో పారబోసిన తూటామందు

నా పేరు ఆల్మర్ టోర్గర్సన్. వయసు డెబ్బై ఆరు. మోంటానా రాష్ట్రం కోల్డ్ ఫోర్క్‌లో ఉంటాను. మిల్లు మూతపడేదాకా అందులో రంపాలకు పదును పెట్టాను. నా చదువు సంతకం వరకే, అందుకని నేను చెబుతుంటే డెప్యూటీ బీచర్ టైపు చేస్తోంది. నన్నెవరూ పిలవలేదు. నా అంతట నేనే వచ్చాను. లోరీన్ మీద కేసు పెడుతున్నారని తెలిసి వచ్చాను.

వర్న్ పికెట్ నాకు నలభై ఏళ్ల వేట జోడీ. లోరీన్ వాడి కోడలు. కొడుకు కర్టిస్ చెట్టు మీదపడి పోయాక కూతురితో ఆ ఇంట్లోనే ఉండి వర్న్‌కు వండిపెడుతోంది. మొన్న ఆదివారం కొండ మీద వర్న్ రైఫిల్‌లో మందు వెనక్కి తన్నింది, కుడి కన్ను పోయింది. ఆ తూటాలు నింపింది లోరీనే. పిల్లను తీసుకుని స్పోకేన్ ఊరికి వెళ్లిపోతానంటే తాను వద్దన్నాడని, ఆ కోపంతో కావాలని మందు ఎక్కువ పోసిందని వర్న్ మీకు చెప్పాడు. అది అబద్ధం. ఎందుకు అబద్ధమో చెబుతాను.

వర్న్‌కు కొట్లో తూటాలు నచ్చవు. కాల్చిన ఇత్తడి గొట్టాలు దాచుకుని, వాటిలో మళ్లీ మందు పోసి, గుండు బిగిస్తాడు. ఇక్కడ సగం ఊరు అదే చేస్తుంది. వాడు వాడేది ఎర్ర మూత డబ్బా మందు. తూకాల పుస్తకం ఇంత మించవద్దన్న గీత దాకా పోస్తాడు, అదో గొప్ప. రెండేళ్లుగా ఆ మందు ఎక్కడా దొరకడం లేదు. ఇంట్లో అర డబ్బా మిగిలింది. కొట్టువాడు పచ్చ మూత డబ్బా అంటగట్టాడు. కొట్టు గోడ మీది పట్టీలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఏది ముందు మండుతుందో చూపించే పట్టీ. చూడ్డానికి రెండూ ఒకటే. చీమ తలంత నల్లటి పుల్లలు. అరచేతిలో పోసి చూపిస్తే నేనే కాదు, ఎవడూ చెప్పలేడు.

వేట మొదలవడానికి ముందు శనివారం కంకర గుంట దగ్గర రెండూ కాల్చి చూశాం. ఎర్రది ఎప్పటి తూకమే పోశాడు. పచ్చది తక్కువ నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచాడు. అంతవరకు పద్ధతిగానే చేశాడు. పచ్చది తొందరగా మండుతుంది, గొట్టంలో మసి తక్కువ, దెబ్బ భుజానికి పదునుగా తగులుతుంది. ఎర్రదాని తూకానికి బాగా తక్కువలోనే పచ్చది గురికాగితంలో గుండును అదే చోట పెట్టింది.

"చూశావుగా, రెండూ ఒకటేరా," అన్నాడు వర్న్.

"తగిలింది ఒకచోటే. పోసింది ఒకే తూకం కాదు," అన్నాను.

"నువ్వు రంపాలు చూసుకో, మందు సంగతి నాకు వదిలెయ్."

మర్నాడు కాఫీకి వాళ్లింటికి వెళ్లాను. బల్ల మీద రెండు డబ్బాలూ ఉన్నాయి. ఒకసారికి ఒకటే డబ్బా ఉండాలి, అది నాకు వాడే నేర్పాడు. కొలతగొట్టంలో సగం దాకా మందు నిలవ ఉంది. ఏ మందు పోస్తే దాని పేరు రాసిన కాగితం ముక్క గొట్టానికి అతికించాలి. ముక్క లేదు.

"అదేం మందురా?"

"ఎర్రది."

"తెలిసే అంటున్నావా?"

"నా బల్ల మీద ఏముందో నాకు తెలీదా? కాఫీ తాగు."

"అనుమానం ఉంటే గులాబీలకు పొయ్యి. పోయేదేముంది?"

"నీకేం పోతుంది, దొరకని మందు నాది!" అని గొట్టం పీకి ఎర్ర మూత డబ్బాలో ఒంపేశాడు. నేను చూశాను. ఈ కళ్లతోనే చూశాను.

అనుమానం వచ్చిన మందును ఇక్కడ ఎవడూ తూటాలో పోయడు. మొక్కలకు పోస్తాం, ఎరువుగా పనికొస్తుంది. వర్న్ వాళ్లావిడ పెంచిన గులాబీ మడి ఉంది, పాత మందంతా దానికే. మీ నాన్న కూడా టమాటాలకు పోసేవాడు, డెప్యూటీ, అడిగి చూడు.

వర్న్ చేతులు వణుకుతాయి. అందుకే ఆ వారం లోరీన్ చేత నింపించాడు. అప్పుడు నేను లేను, లేనిదాని గురించి చెప్పను. ఎర్ర మూత డబ్బా చేతికిచ్చి తూకం చెప్పాడట.

ఆదివారం తెల్లవారి ఏడున్నరకు ఎగువ మైదానం అంచున ఎల్క్ దుప్పి కనబడింది. వర్న్ కాల్చాడు, తగల్లేదు. ఖాళీ గొట్టం తియ్యడానికి బోల్టు ఎత్తబోతే రాలేదు. అరచేత్తో గుద్ది తీశాడు. ఆ రైఫిల్ బోల్టు వేలితో లేచేది.

"ఆపు. మందు ఎక్కువైంది. ఇంకోటి పెట్టకు," అన్నాను.

"నోరు ముయ్, దుప్పి ఇంకా అక్కడే ఉంది."

రెండోది కాల్చాడు. మండుతున్న మందు సెగ బోల్టు వెనక నుంచి మొహం మీదికి వచ్చింది. దుప్పి వెళ్లిపోయింది. వాడు మంచు తీసి కంటికి అదుముకుని, నా టోపీ ఏదిరా అని అడిగాడు. టోపీ నెత్తినే ఉంది.

మిగిలిన పద్దెనిమిది తూటాలు పెట్టెతో సహా నా జేబులో వేసుకున్నాను. ఇవిగో బల్ల మీద పెడుతున్నాను, ఆ తర్వాత పెట్టె తెరవలేదు. పెట్టె మీద తూకం వర్న్ చేతిరాతే. గుండ్లు పీకి మందు తూచండి. ఆస్పత్రి వరండాలో లోరీన్ నాతో, "ఆల్మర్ బాబాయ్, ప్రతిదీ రెండుసార్లు తూచాను, మామయ్య చెప్పినదానికి పుల్ల కూడా ఎక్కువ పోయలేదు," అంది. పోసి ఉండదు. తూకం సరైనదే. డబ్బాలో మందు వేరేది, ఎర్రదాని తూకం పచ్చదానికి ఎక్కువ.

శుక్రవారం ఉదయం సూపు తీసుకుని వర్న్ దగ్గరికి వెళ్లాను. ఇంటి పక్క గులాబీ మడిలో మంచు మీద నల్లటి పుల్లలు పరుచుకుని ఉన్నాయి. ఎర్ర మూత డబ్బా బూడిద డ్రమ్ములో ఖాళీగా పడి ఉంది. మడి దాకా మంచులో బూట్ల జాడ ఉంది, పక్కనే చేతికర్ర గుచ్చిన గుంటలు. లోరీన్ చేతికర్ర పట్టదు, కన్ను పోయాక వర్న్ పడుతున్నాడు.

"ఎర్ర డబ్బా ఏం చేశావురా?"

"పాతబడింది. పారబోశా."

"దానికోసం మూడు ఊళ్లు తిరిగినవాడివి."

వాడు కంటి కట్టు సర్దుకున్నాడు.

"నిన్న లోరీన్ మీద కంప్లయింట్ ఇచ్చావు. ఇవాళ మందు గులాబీలకు పోశావు. ఏది నిజంరా?"

"సూపు అక్కడ పెట్టి పో," అన్నాడు.

మందు మంచిదే అనుకున్నవాడు, పోసిన చెయ్యే తప్పనుకున్నవాడు, దాన్ని పారబొయ్యడు. దొరకని మందును అసలే పారబొయ్యడు. వాడికి తెలుసు. నేను చెప్పేది అంతే. ఆ మడిని ఎవరూ ఊడ్చకముందే వెళ్లి చూడండి. ఇవాళ ఎండ కాస్తోంది.

నేను వాడికి పగవాణ్ణి కాదని రాయమన్నాను, రాసింది. డెప్యూటీ ఇదంతా చదివి వినిపించింది. ఒకచోట "ప్రమాదం" అని ఉంటే కొట్టేయించాను, నేను ఆ మాట అనలేదు. మిగిలినదంతా నేను చూసినది, చెప్పినది. ఎక్కడ అడిగినా ఇదే చెబుతాను.

వర్న్ బయట నా ట్రక్కులో కూర్చుని ఉన్నాడు. కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకొచ్చాను, ఇక్కడ ఎందుకాగానో వాడికింకా తెలియదు. వెళ్లి చెబుతాను. ఇల్లు తొమ్మిది మైళ్లు. వాడు ఆ ట్రక్కులో రాను, నడిచిపోతానంటే, తాళం వేసి, వాడికి కన్ను లేని కుడిపక్కన నేనూ నడుస్తాను.

(సంతకం) ఆల్మర్ టోర్గర్సన్