నీలవేణి గొంతు

అది కాదు సిద్ధార్థ బాబూ, బాగుందా అని అడిగారు గనక చెబుతున్నాను. మొదట్లో మీ పుస్తకం నా ప్రాణం తోడేసింది! సినిమా ఆడింది కదా అని దాన్నే నవలగా రాయించి వేశారు, నేనూ చేసిన సినిమానేగా, చకచకా చదివేద్దామని కూర్చున్నానా... అబ్బబ్బ! ఏం గ్రహాలు, ఏం ఇంజన్లు! ఒక్క పేరుకన్నా నోరు తిరుగుతుందా? హీరో గారు అంతరిక్ష నౌక ఎక్కడానికే పేజీలకు పేజీలు. ఆయన కండలు పోస్టర్లో చూశాం కదండీ, మళ్లీ వర్ణించాలా?

కాఫీ తాగండి, చల్లారిపోతుంది.

విసుగొచ్చి ఫ్రిజ్ మీద పడేశాను. అసలు "ఆఖరి కక్ష్య" అన్న పేరు చూస్తేనే ఒళ్లు మండేది నాకు. ఎందుకు మండదు? ఇన్నేళ్లూ అత్తగా, అమ్మగా, పెళ్లిలో అక్షింతలు వేసే పక్కింటావిడగా చేసీ చేసీ అలిసిపోయానా... మొదటిసారి ఓ మనిషి వేషం ఇచ్చారు మీరు. నీలవేణి! నౌకలో అందరూ గాజుపెట్టెల్లో ఏళ్ల తరబడి నిద్రపోతుంటే, మేలుకుని వాళ్లని కనిపెట్టుకుని ఉండే ముసలావిడ. ఆ వెండిరంగు సూటు తొడుక్కుని ఫిల్మ్‌నగర్ సెట్లో లైట్ల కింద ఉడికిపోయాను. ఒక్కమాట అన్నానా మిమ్మల్ని?

విడుదల రోజు మా అపార్టుమెంటు వాళ్లందర్నీ వెంటేసుకుని వెళ్లాను. తెర మీద ఏం కనిపించింది? నా వీపు! హీరో గారి గదిలోంచి ట్రే పట్టుకుని వెళ్లిపోతున్న నా వీపు. కింద ఫ్లాట్ రాజ్యలక్ష్మి గారు పాపం, "మీరెప్పుడు వస్తారండీ?" అని ఇంటర్వెల్లో అడిగింది. ఏం చెప్పను? "వచ్చి వెళ్లానండీ" అన్నాను. చివర్లో పేర్లు పడేటప్పుడు శారదాదేవి అని చీమంత అక్షరాల్లో వేశారు, అప్పటికి హాలంతా లేచి నిలబడింది.

"లెంగ్త్ ఎక్కువైందని కట్ చేశామమ్మా" అన్నారు మీరు. అదైనా నేను ఫోన్ చేస్తే! ఆ, ఇప్పుడు తల దించుకుని ఏం లాభం?

సరే, పుస్తకం సంగతి. అది రాసిన వర్ణిక ఫోన్ చేసింది. మీ దగ్గర అసిస్టెంట్‌గా చేసిందే, ఆ సన్నపాటి పిల్ల. "మొదట్లో విసుగ్గానే ఉంటుందమ్మా, అవన్నీ వాళ్లు రాయమన్నవి. నౌకలో చీకటి పడేదాకా చదవండి, ప్లీజ్" అని ఒకటే బతిమాలింది. పోనీలే అని మళ్లీ తీశాను.

చీకటి పడింది. అప్పుడొచ్చింది బాబూ నీలవేణి! ఒక్కో గాజుపెట్టె దగ్గరికీ వెళ్లి లోపలివాళ్లతో కబుర్లు చెబుతుంది. "మీ ఊళ్లో ఈపాటికి వాన పడుతుంటుంది నాయనా, గొడుగు మర్చిపోకు" అంటుంది.

ఆ మాట ఎవరిదో గుర్తుందా మీకు? స్క్రిప్టులో లేదది. షాట్లో దానంతటదే నా నోటికొచ్చింది. డైరెక్టర్ కుర్చీలో మీరు ఫోన్ చూసుకుంటున్నారు. ఆ పిల్ల వింది.

ఇక పుస్తకం కింద పెడితే ఒట్టు. ఇంజన్లు కూడా ముద్దొచ్చాయి! అవి ఆగితే పోయేది మా నీలవేణి కదా మరి. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. చివర్లో అందరూ నిద్రలేచి కొత్త గ్రహం మీదికి దిగిపోతారు. ఆవిడెవరో ఎవరికీ తెలీదు. కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపుతుంది, ఒక్కరంటే ఒక్కరు వెనక్కి తిరగరు. ఏడ్చాను బాబూ. గ్లిజరిన్ లేకుండా!

చదివినవాళ్లంతా నీలవేణి ఏమైందని అడుగుతున్నారటగా? సినిమా రెండో భాగమంతా ఆవిడదేనని విన్నాను. ఇందాక మీరు బొకే పట్టుకుని కారు దిగుతుంటే బాల్కనీలోంచి చూసి, గబగబా ఈ గద్వాల చీర కట్టుకున్నాను. వేషం అడగడానికే వచ్చారనుకున్నాను. ఎవరైనా అనుకుంటారా, అనుకోరా?

ఇంకోసారి చెప్పండి, వింటాను. వేషం బొంబాయి ఆవిడకి. పేరున్న మనిషి, హిందీలో కూడా ఆడుతుంది, సరే. ఆవిడకి తెలుగు రాదు. అందుకని గొంతు నేనివ్వాలి! "మీలాగా ఇంకెవరు చెప్పగలరమ్మా" అంటున్నారు. ఎంత తియ్యగా అంటున్నారు!

లేస్తారేంటి? కాదన్నానా నేను? కాదంటే మాత్రం ఏమవుతుంది, జూబ్లీహిల్స్‌లో ఇంకో గొంతు దొరక్కపోతుందా? ఎవరో ఓ పాతికేళ్ల పిల్ల ముసలిగొంతు పెట్టుకుని, ఊరికే దగ్గుతూ, వణుకుతూ... ఛీ! అది నేను వినలేను.

వస్తాను. మీ కోసం కాదు, ఆ బొకే కోసం అసలే కాదు. నీలవేణిని ఇంకొకరి నోట్లో పెట్టలేక వస్తాను. డబ్బింగ్ థియేటర్లో తెర నిండా ఆ బొంబాయి ఆవిడ మొహమే ఉంటుంది, ఆవిడ పెదాలకి నా మాట కలవాలంటే చూడక తప్పదు. చూస్తాను లెండి, ఏం చేస్తాం! కారు పొద్దున్నే పంపండి. మధ్యాహ్నానికి నా గొంతు బొంగురుపోతుంది.