బుట్టలో లేని రంగు

అదేంటమ్మా అఖిలా, లేదంటావు. అంత పెద్ద కాలేజీ మీది. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊళ్లన్నీ మీ దగ్గరికే వచ్చి చదువుకుంటాయి కదా, ఆ లైబ్రరీలో ఒక్క ఇంగ్లీషు మాటకి అర్థం దొరకలేదంటే ఎలా? సరిగ్గా చూశావా?

కంప్యూటర్లో కూడానా.

సరేలే, ఆ పీట లాక్కుని కూర్చో. మెల్లిగా మాట్లాడదాం, అత్తయ్యగారు లోపల నమాజులో ఉన్నారు. నేనే వద్దునమ్మా, కానీ ఇద్దత్తులో ఉన్నానుగా. మొగుడు పోయిన మనిషి గడువు తీరేదాకా గడప దాటకూడదు మాలో. లేకపోతే బస్సెక్కి వచ్చి ఆ బీరువాలన్నీ వెతికి ఉందును. మా ఆయనకి, అదే మీ మోయిన్ సారుకి, నువ్వంటే గురి, అందుకే నీకు అప్పజెప్పాను.

ఒక్క మాట కోసం ఎందుకింత తాపత్రయం అనుకుంటున్నావు కదూ?

వస్తూ చూశావుగా, హాలంతా మగ్గమే. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ ఆ పలక మీదే కూర్చున్నాను. ఈ పక్క అత్తయ్యగారు, ఆ పక్క మరిది బాషా. మీ సారు సాయంత్రం ట్యుటోరియల్లో మీకు ఇంగ్లీషు చెప్పి వచ్చి, టీ తాగి, నమూనా కాయితం పట్టుకుని రంగులు పిలిచేవారు. "ఎరుపు రెండు, నీలం ఒకటి" అంటే మేం బుట్టలోంచి ఆ ఊలు తీసి ముడి వేసేవాళ్లం. తివాచీ పనంటే అంతే మరి, ఒకరు పిలవాలి, మిగతావాళ్లు వెయ్యాలి. ఇంతమందిలో మొగుడూ పెళ్లాం ఓ మాట అనుకోడానికి చోటేదీ? అందుకని ఆయన ఆ రంగుల మధ్యలో పాత ఇంగ్లీషు మాట ఒకటి జారవిడిచేవారు. ఇంగ్లీషువాళ్లే మర్చిపోయిన మాటలు. అర్థం నాకు ముందే చెప్పి ఉంచేవారు.

"గ్రోక్" అంటే, ఎదుటివాడు తింటుంటే మనకీ పెడతాడేమోనని చూస్తూ కూర్చోడం అట. బాషా నా పళ్లెం వంక చూసినప్పుడల్లా అనేవారు. "ఏప్రిసిటీ" అంటే చలికాలం ఎండలో వెచ్చదనం. అదన్నారంటే ఏదో వంక పెట్టి డాబా మీదకి రమ్మని. "ఓవర్‌మారో" అంటే ఎల్లుండి. ఎల్లుండి కొల్లేరు వెళ్దాం, కొంగల్ని చూద్దాం అని. ఎన్ని ఎల్లుండిలు పోయాయో. చివరికి అక్కడి చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడు తీసుకెళ్లారు. కొంగలేవీ, అంతా బురదే. అయినా నాకు బాగుంది.

ఒకసారి అత్తయ్యగారు ఆ ఓవర్‌మారో విని, బుట్టంతా గాలించి, "అదేం రంగురా, మన దగ్గర లేదు" అన్నారు. నవ్వు ఆపుకోలేక తప్పు ముడి వేశాను. ఆ తప్పు ఇప్పుడు ఏ దేశంలో ఎవరి ఇంట్లో ఉందో.

ఆయన పోయిన కొత్తలో నువ్వొచ్చి, "సారు మాకు ఓవర్‌మారో నేర్పారండీ" అని ఏడ్చావు చూడు. ఆ వేళే తెలిసింది నాకు. మా ఇద్దరిదే అనుకున్న మాట క్లాసు మొత్తానికి తెలుసు. తప్పు ఆయనది కాదులే. మాస్టారు కదా, మంచి మాట దొరికితే దాచుకోలేరు. అయినా నాకు కష్టంగానే ఉంది.

అందుకే ఈ మాట కూడా మీకు చెప్పారేమోనని అడిగాను. థిమ్రెల్. వినలేదన్నావు.

అర్థమా? నీకొక్కదానికే చెబుతున్నాను. పదిమంది మధ్య కూర్చుని ఒక్కళ్లతోనే ఉండటం. బాగా పాత మాట, ఎవరికీ తెలీదు అని పెళ్లైన కొత్తలో చెప్పారు. తర్వాత అది పిలవని సాయంత్రం లేదు.

ఆసుపత్రిలో ఆయన ఆఖరి మాట కూడా అదే. మంచం చుట్టూ ఇంటిల్లిపాదీ ఉన్నాం. నా వంక చూసి అన్నారు. పాపం బాషా, అదేదో మందు పేరనుకుని మెడికల్ షాపుకి పరిగెత్తాడు. అలాంటి మందే లేదన్నారట. వాడు తిరిగొచ్చేసరికి అయిపోయింది.

అప్పట్నుంచీ అత్తయ్యగారు తెల్లారితే ఇదే అడుగుతారు. "మావాడు చివర ఏమన్నాడమ్మా మునీరా? నీకు చెప్పేవాడుగా ఇంగ్లీషు?" కన్నతల్లి, అఖిలా. కొడుకు చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్నారు. ఆ మాట మీకు కాదండీ, నాకే అని ఏ నోటితో చెప్పను? ఏమో, పుస్తకంలో చూడాలి అని దాటేస్తూ వచ్చాను. అన్నం కూడా కెలికి వదిలేస్తున్నారు. పుస్తకంలో ఉంటే ఉన్నదే చెబుదాం, చెప్పింది నేను కాదు పుస్తకం అనుకుందాం అనే నిన్ను వెతకమన్నాను.

ఎక్కడా లేదూ.

అంటే ఆయనే కట్టారన్నమాట. కూర్చుని, నాకోసం. పాత మాట, పాత మాట అని ఇన్నేళ్లు నమ్మించారు. దొంగ మనిషి.

ఇద్దరికే తెలిసిన మాట. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఎవరికీ ఇవ్వకుండా నాతోనే ఉంచుకోవాలని ఉంది, అఖిలా. ఈ ఇంట్లో అందరిదీ కానిది నాకు అదొక్కటేగా.

కానీ ఏ పుస్తకంలోనూ లేని మాటకి నేనేం చెబితే అదే అర్థం, కాదూ?

అదుగో, చేతికర్ర చప్పుడు. వస్తున్నారు. కళ్లు తుడుచుకో. నువ్వేం మాట్లాడకు, తలూపు చాలు.

రండత్తయ్యా, ఇలా కూర్చోండి. దొరికిందండీ. పెద్ద పుస్తకంలో ఉందట. చాలా పాత మాట. "అమ్మా" అనటండీ.