అన్నయ్య గుమ్మం ముందు

బాగా మాట్లాడానా? ఆ మాట ఇంకోసారి అనకండి అమీర్ సాబ్, ఒళ్ళు మండుకొస్తోంది. మసీదుకి రమ్మని ఇంటింటికీ తిరిగి చెప్పే మన జమాతుకి పెద్ద మీరు. ఇవాళ ఏ గుమ్మం దగ్గర ఆగాలో, ఎవరు మాట్లాడాలో చెప్పింది మీరే. ఆ పగిలిన మెట్ల ఇల్లు మా అన్నయ్యదని తెలీదా మీకు? తెలుసు! తెలిసే నన్ను ముందుకి తోశారు.

నాలుగేళ్ళయింది మాకు మాటల్లేక. ఎందుకో కూడా తెలుసుగా? ఇద్దరం ఒకే దుకాణంలో బట్టలు కుట్టేవాళ్ళం. మీతో మొదటిసారి నలభై రోజులు ప్రచారానికి తిరిగొచ్చానా, నాలుగు ముక్కలు నేర్చుకునేసరికి కళ్ళు నెత్తికెక్కాయి. కొలతలివ్వడానికొచ్చిన వాళ్ళందరి ముందూ, నమాజు చదవనివాడి పక్కన కూర్చుని కుట్టనని చెప్పేశాను. ఎవరితో? నాకు సూదిలో దారం ఎక్కించడం నేర్పినవాడితో. మీరేమో గట్టి ఈమాను, గట్టి విశ్వాసం అని మెచ్చుకున్నారు. ఆరోజే నాలుగు చీవాట్లు పెడితే ఏం పోయేది?

సరే, ఇవాళ తలుపు తీశాడు. గుమ్మాల దగ్గర చూపు దించుకుని నిలబడాలి కదా మనం? అందుకే ముందు కాలు కనిపించింది. మిషను తొక్కే కుడికాలు. కట్టు కట్టి ఉంది, వేళ్ళు లేవు. షుగరేమో. ఎప్పుడు తీసేశారో, అప్పుడు పక్కన ఎవరున్నారో, ఏమీ తెలీదు నాకు.

అయినా నా నోరు ఆగిందా? సోదరా, ఈ లోకం మూణ్ణాళ్ళ ముచ్చట, మీరు మసీదుకి రండి అంటూ గడగడా అప్పజెప్పాను. సొంత అన్నని మీరూ, రండీ అని! అన్నయ్య గోడ పట్టుకుని నిలబడి మొత్తం విన్నాడు. విని, "అయిపోయిందా? లోపలికొచ్చి కూర్చోరా" అన్నాడు.

ప్రచారానికి వెళ్ళినప్పుడు ఇంటి కబుర్లు ఎత్తకూడదని మీరు పెట్టిన నియమమే కదా. వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఏంటలా చూస్తారు?

అవునండీ. మీరు నా భుజం తట్టి, నువ్వు లోపలికి వెళ్ళు, మేం ముందు నడుస్తుంటాం అన్నారు. వినపడలేదనుకున్నారా? శుభ్రంగా వినపడింది. నేనే మీకు నియమం గుర్తుచేసి గబగబా నడిచాను.

లోపలికెళ్తే తప్పయిపోయిందని చెప్పాలి. గుమ్మంలో ఉంటే దేవుడి మాట చెబితే చాలు. మీ మీద అరుస్తున్నానుగానీ, నాకు వేసింది భయం. ప్రసంగమంతా కంఠతా వచ్చు నాకు. కాలికేమైంది అన్నయ్యా అన్న ఒక్క ముక్క మాత్రం నోట్లోంచి రాలేదు.