ఇంజను నంబరు

కారు షెడ్డులో ముగ్గురు: కారు అమ్ముకోవాలనుకుంటున్న ఆమె, మెకానిక్కయిన ఆమె తమ్ముడు, పాత కార్లు కొనే వ్యాపారి.

“నిలబడకే అక్కా, మోకాళ్ళు పట్టేస్తాయి. అదిగో, ఆ గోనెపట్టా కప్పిన దాని మీద కూర్చో.”

“ఏంట్రా ఇది, ఇంత గట్టిగా ఉంది?”

“ఏవో పాత సామాన్లులే. కూర్చో.”

“చెప్పండి బాబూ. ఏళ్ళు గడిచేకొద్దీ ఈ కారు ధర పెరుగుతుందని, పోయేదాకా మా ఆయనది ఒకటే పాట. నిజమేనా?”

“నిజమేనమ్మా. పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటే బంగారం. కానీ ఆర్సీ బుక్కులో ఇంజను నంబరు ఒకటి, ఇక్కడ ఇంజను మీద కొట్టి ఉన్నది ఇంకొకటి.”

“అంటే?”

“ఇంజను మార్చేశారు.”

“మార్చాడు బాబూ, మా తమ్ముడే. కదలని బండిని ఎవడు కొంటాడక్కా అని, తన చేతి డబ్బు పెట్టుకుని మరీ...”

“కొంప ముంచాడు. ఇప్పుడిది తూకానికే.”

“తూ... తూకానికా? ఒరేయ్, ఏమంటున్నాడ్రా ఈయన?”

“నాకేం తెలుసక్కా! నేను మంచికే...”

“పాత ఇంజనన్నా ఉందా?”

“ఎక్కడ సార్! అప్పుడే పాత ఇనుముకి వేసేశా.”

“ఆయన గుడ్డ కూడా తగలనిచ్చేవాడు కాదు బాబూ. దుమ్ము దులిపినా అరిచేవాడు. పిచ్చి అనుకున్నా.”

“పిచ్చి కాదమ్మా, తెలివి.”

“ఈ డబ్బుతో రెండు మోకాళ్ళూ మార్పించుకుందామనుకున్నా. డాక్టరు తేదీ కూడా ఇచ్చాడు.”

“మనుషులకి మారిస్తే నడుస్తారు. కార్లకి మారిస్తే ఇదిగో, ఓనర్లు ఇలా కూలబడతారు.”

“పోనీ ఒక్క మోకాలికైనా...”

“చేతికర్రకి వస్తుంది. మంచి కర్రే కొనుక్కోండి.”

“సార్! అక్క ముందు ఆ మాటలేంటి?”

“ఏడవకురా. బాబూ, వాణ్ణేం అనకండి, నాకోసమే చేశాడు. ఏదో ఒకటిచ్చి తీసుకుపోండి. ఒరేయ్, చెయ్యివ్వు, లేస్తా. లోపలికెళ్ళి బండి కాగితాల మీద సంతకం పెట్టుకొస్తా.”

“మెల్లగా అక్కా. గడప చూసుకో.”

“...వెళ్ళిందా?”

“వెళ్ళింది. ఆ కాళ్ళతో మెట్లెక్కి దిగేసరికి చాలాసేపు పడుతుంది లెండి.”

“కన్నీళ్ళు బాగానే కార్చావయ్యా. ఇంతకీ అసలు ఇంజను ఎక్కడ దాచావ్?”

“ఇందాకటి నుంచీ మా అక్క కూర్చుంది దేని మీదనుకున్నారు? ఆ గోనెపట్టా తియ్యండి.”