లేస్తే ఆగిపోయే బండి

ఒహైయో నది ఒడ్డున ఒక చిన్న ఊరు. గడ్డి కోసే మిషన్లు అమ్మే మెర్విన్ కొట్టు ముందు, ఎండలో వరసగా నిలబెట్టిన బండ్ల మధ్య వెర్నా నిలబడి ఉంది. ఇవాళ మధ్యాహ్నంలోగా ఒక బండి కొనకపోతే ఇక ఎప్పటికీ కొనలేనని పొద్దున్న పొయ్యి వెలిగిస్తూనే అనుకుంది. ఎందుకలా అనుకుందో మాత్రం పక్కనున్న కొడుకు డ్వేన్‌కి చెప్పలేదు. కొడుక్కి ముప్పై దాటి చాలా కాలమైంది.

"అదే చెబుతున్నా. మన పెరడెంత? ఒక దుప్పటి ఆరేస్తే సగం నిండిపోద్ది. దానికి ఎక్కి తోలే బండా? ఊరంతా నవ్వుద్ది."

"నవ్వనీరా. వాళ్ళు నవ్వితే గడ్డి పెరగడం మానదుగా."

"మెర్విన్ గారూ, మీరన్నా చెప్పండి మా అమ్మకి. ఆ పెరట్లో పిల్లి పడుకుంటే తోక పక్కింట్లో ఉంటది."

"చూడండి వెర్నా గారూ, అమ్ముకోవాలనే నాకుంటుంది. కానీ పోయిన మీ ఆయన ఎర్ల్, నేనూ ఒకే బల్ల మీద చదువుకున్నాం. ఆయన ఇంటిదానికి అబద్ధం చెప్పలేను. మీ పెరటికి ఇంత బండి అక్కర్లేదు. వెనకాల నిలబడి చెయ్యి ఆనిస్తే దానంతటదే లాక్కుపోయే మిషన్లున్నాయి. తొయ్యక్కర్లేదు."

"దాని వెనక నడవాలా, అక్కర్లేదా?"

"నడవాలి మరి."

"అయితే వద్దు. నడిచేది వద్దు నాకు."

"విన్నారా? నడవలేదంట. నేను పుట్టినప్పట్నుంచీ ఈవిడ మిషను తోస్తానే ఉంది. ఉన్నట్టుండి మూడు వారాల కింద దాన్ని షెడ్డులో పడేసి తాళమేసింది. గడ్డి మోకాలిదాకా వచ్చింది. మొన్న కంచె అవతల నుంచి ఆ గ్లెండా అడుగుద్ది, మీ అమ్మకి ఒంట్లో బాగా లేదా నాయనా, అని. నాకెంత సిగ్గేసిందో."

"సిగ్గేస్తే ఏం చేశావు?"

"ఏం చేస్తాను? లోపలికొచ్చి తలుపేసుకున్నా."

"మంచి పని చేశావు. మెర్విన్ గారూ, ఆ ఎర్రది చూపించండి."

"అది పెద్దిళ్ళకండీ. వెడల్పు ఎక్కువ. మీ పక్క గేటులో పట్టదేమో."

"ఉండండి. ఇదుగో, ఏప్రన్ తాడు. గేటుకి అడ్డంగా పెట్టి ముడేసుకొచ్చా. ఇక్కడ్నించి ఈ ముడిదాకా గేటు."

"తాడు తెచ్చింది చూడండి. లోకమంతా టేపు పెట్టి కొలుస్తారు, మా అమ్మ ఏప్రన్ తాడు పెట్టి కొలుస్తది."

"టేపు మీ నాన్నది. నువ్వు తీసుకెళ్ళి ఎక్కడ పెట్టావో నాకు తెలియదు."

"తాడు ప్రకారం ఎర్రది పట్టదండీ వెర్నా గారూ. ఈ చిన్నది పడుతుంది. స్టీరింగు ఉంటుంది, కారులాగే తోలొచ్చు."

"తిరగడానికి చోటెంత కావాలి?"

"కాస్త కావాలి. మూల దగ్గర ముందుకీ వెనక్కీ రెండు మూడుసార్లు తిప్పుకోవాలి."

"రెండు మూడుసార్లంటే విసుగొస్తుంది. మధ్యలో వదిలేసి లోపలికెళ్ళిపోతాడు... పోతారు ఎవరైనా."

"ఎవరైనా ఏంటి, నువ్వే. ఈవిడకి వెనక్కి తిప్పడం రాదండీ. ఈస్టర్‌నాడు చర్చి దగ్గర ట్రక్కు వెనక్కి తీసి పాస్టరుగారి ఉత్తరాల డబ్బా పడగొట్టింది. ఆదివారం ఆదివారం ఆయన నన్ను చూసి నవ్వుతాడు."

"ఆదివారం నువ్వు చర్చికొచ్చి ఎన్నాళ్ళైందిరా?"

"అందుకే రావట్లేదు మరి. ఇంకెంతసేపమ్మా? ట్రక్కులో ఆ సంచి కూడా దింపాలన్నావు, చర్చికిచ్చే పాతబట్టలు."

"సంచి నేను దింపుకుంటాలే. నీకెందుకు."

"మీకు విసుగు లేకుండా కావాలంటే ఇది చూడండి వెర్నా గారూ. దీనికి స్టీరింగు లేదు. చెరో చేతికీ ఒక కడ్డీ. రెండూ ముందుకి నొక్కితే ముందుకి, ఒకటి ముందుకి ఒకటి వెనక్కి అంటే ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. వెడల్పూ మీ తాడుకి సరిపోతుంది, చిన్న పెరటికి ఇంతకన్నా మంచిది లేదు. కాకపోతే కడ్డీలు అలవాటు కావాలి. మన వయసువాళ్ళకి కొంచెం కష్టం."

"చిన్నవాళ్ళకో?"

"చిన్నవాళ్ళకి ఎంతసేపు. ఆ వీడియో ఆటలు ఆడేవాళ్ళకైతే చెప్పక్కర్లేదు."

"అలాగా. అయితే దీని సంగతి చెప్పండి."

"అమ్మా, నీకు స్టీరింగే సరిగ్గా రాదు. కడ్డీలేం చేసుకుంటావు? పెరట్లో గిరగిరా తిరిగి గ్లెండా వంటింట్లో తేలతావు."

"తేలితే కాఫీ తాగొస్తాలేరా. మెర్విన్ గారూ, ముందు వాకిట్లో వాననీటి గుంట ఉంది మాకు. వాలుగా ఉంటుంది. అక్కడ బండి బోల్తా పడదుగా?"

"గుంట అంచుకి పోకూడదు. అక్కడ చేత్తో కత్తిరించుకోవాలి."

"చెబితే వినే మనిషికైతే సరే. వినకపోతే?"

"వినాలండీ. ప్రాణం సంగతి."

"మరి, రబ్బరు చెప్పులేసుకుని ఎక్కితే? కాలు జారి కిందకి పోదుగా, బ్లేడు దగ్గరికి?"

"నువ్వెప్పుడు రబ్బరు చెప్పులేసుకున్నావు? ఎప్పుడూ ఆ బూట్లే కదా."

"అడిగితే తప్పేంటిరా? జవాబు చెప్పేది ఆయన."

"బూట్లే వేసుకోవాలండీ. పాదం పోయినవాళ్ళని చూశాను."

"మరి కునుకు పడితే? మధ్యాహ్నం దాకా పడుకుని లేచేవాళ్ళుంటారు. మత్తు వదలదు. ఎండలో తూలి కింద పడితే?"

"చూశారా, భయాలన్నీ ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. భయమైనప్పుడు కొనడం దేనికి? ఇది వదిలెయ్యమ్మా. ఇంతే డబ్బుకి గ్లెండా తమ్ముడు చేపల పడవ ఇస్తానంటున్నాడు, ఇంజినుతో సహా. నది ఒడ్డున పుట్టి పడవ లేనివాణ్ణి నేనొక్కణ్ణే ఈ ఊళ్ళో."

"పడవ నీకెందుకురా? చేపకి గాలం వెయ్యాలంటే తెల్లారకముందు లేవాలి."

"పడవుంటే లేస్తాను. నీకేం తెలుసు నది సంగతి? పుట్టి బుద్ధెరిగి ఒక్కరోజు నీళ్ళ మీదికి పోయావా? సాయంత్రమైతే ఒడ్డున నిలబడి పోయే బొగ్గు పడవలకి చెయ్యి ఊపడం తప్ప. మెర్విన్ గారూ, నవ్వకండి, నిజం. బోటువాళ్ళు హారన్ కొడితే ఈవిడ ఏప్రన్ విప్పి ఊపుద్ది. చిన్నప్పుడు నా స్నేహితులు చూసి..."

"ఔనురా. చెయ్యూపడమే. కునుకు పడితే ఏమౌతుందో చెప్పలేదు మెర్విన్ గారూ."

"దానికి సీటు కింద మీట పెట్టారండీ. మనిషి బరువు సీటు మీద ఉన్నంతసేపే బండి నడుస్తుంది. పడ్డా, లేచినా, ఠక్కున ఆగిపోతుంది. ఇంజనూ, బ్లేడూ, అన్నీ."

"మనిషి లేస్తే ఆగిపోతుందా?"

"ఆగిపోతుంది."

"మా ఇంటికి సరిగ్గా తిరగేసి ఉంది చూడండి. మా ఇంట్లో నేను కూర్చుంటే అన్నీ ఆగిపోతాయి."

"మొదలుపెట్టింది. ఏం ఆగిపోతాయి? నువ్వు చేసేదేముంది, ఇంత వంట. ఆ వంట సంగతి కూడా చెప్పనా? ఈవిడ కైమాని దిమ్మలా కాల్చే మీట్‌లోఫ్ తింటే పళ్ళ డాక్టరు దగ్గరికి పోవాలండీ. బీన్సు వండితే చెరువెడు నీళ్ళు, ఆరు గింజలు. నాన్న పాపం నోరెత్తకుండా తినేవాడు. ఇంకొకరైతే పళ్ళెం విసిరేవాళ్ళు."

"నిన్న రాత్రి మూడో ముక్క అడిగింది ఎవరురా?"

"ఇంకేం లేకపోతే ఏం చెయ్యను? ఆకలికి రుచేంటి."

"డ్వేనూ, తల్లిని అలా అనకూడదబ్బాయ్."

"అననివ్వండి మెర్విన్ గారూ. అలవాటైపోయింది. ఒరేయ్, ఒక్కసారి దీని మీద కూర్చో."

"నేనెందుకు కూర్చోవాలి?"

"నీ బరువు మోస్తే నా బరువూ మోస్తుంది కదా. నిలబడి చూస్తే నాకు తెలుస్తుంది, సీటు ఎలా ఉందో."

"పరీక్షలకి నేను, ఊరేగడానికి నువ్వు. సరే జరుగు. ఇటు జరుగమ్మా, తాళం ఎక్కడుందండీ? ఇదా?"

"బ్రేకు తియ్యి ముందు. మెల్లగా నాయనా. రెండు కడ్డీలూ సమానంగా."

"నాకు చెప్పకండి. పన్నెండో ఏట నుంచి వీడియో ఆటల్లో ఈ వేళ్ళకి ఇదే పని. చూడమ్మా, కళ్ళు తెరుచుకుని చూడు. ఇటు ఒకటి, అటు ఒకటి. చూశావా? ఆ స్తంభం చుట్టూ తగలకుండా. ఇప్పుడు వెనక్కి. ఇంత జాగాలో తిరిగింది. దీనికి మెదడుండాలి. గట్టిగా పట్టుకుంటే రాదు, మెత్తగా పట్టుకోవాలి."

"బాగా తోలుతున్నావురా."

"తోలతాను. నీకెట్లా వస్తదా అని."

"వీపు ఆనుతుందా? మోకాళ్ళు తగలట్లేదుగా?"

"నా మోకాళ్ళకేం, సోఫాలా ఉంది. గ్లాసు పెట్టుకోడానికి చోటు కూడా ఉంది ఇక్కడ."

"ఆపకు, అలాగే కూర్చో. మెర్విన్ గారూ, ఇది ఇచ్చెయ్యండి. డబ్బు కవర్లో ఉంది, లెక్క సరిగ్గానే ఉంటుంది."

"అంత తొందరగానా? ఇంకో రెండు చూడొచ్చు వెర్నా గారూ."

"టైము లేదు. ఇది సరిపోయింది."

"వినదండీ. ఒక్క మాట వినదు. రేపు మళ్ళీ తిరిగిచ్చెయ్యాలని ఏడుస్తది, మీరు తీసుకోకండి."

"తీసుకోను. వారంటీ ఎవరి పేరు మీద రాయమంటారు? తోలేవాళ్ళ పేరు రాయాలి."

"డ్వేన్ పేరు రాయండి."

"నా పేరా? నా పేరెందుకు? తోలేది నువ్వు."

"ఇప్పుడు తోలింది నువ్వేగా."

"అది నీకు చూపించడానికి. అమ్మా, నేను గడ్డి కొయ్యను. ముందే చెబుతున్నా. నా వీపు సంగతి నీకు తెలుసు."

"సోఫాలా ఉందన్నావు కదరా."

"ఉంటే? నువ్వుండగా నేనెందుకు కోస్తాను?"

"నేనుండను."

"ఎక్కడికి పోతావు, బింగో ఆటకా?"

"నది మీదికి."

"నది మీదికంట. మెర్విన్ గారూ, ఎండ తగిలింది ఈవిడకి. పడవెక్కుతుందంట."

"బొగ్గు పడవల్ని తోసే పెద్ద బోటు మీద వంటమనిషి కావాలన్నారు. కుదిరాను. మూడు వారాలైంది. ఆ రోజే తోసే మిషను షెడ్డులో పెట్టి తాళమేశాను. ఇక తోసే పని బోటుదే."

"నీ వంటా? వాళ్ళు... నీ వంట తిన్నారా వాళ్ళు?"

"రేవులో ఒకరోజు వండించి చూశారు. మీట్‌లోఫే పెట్టాను."

"ఏమన్నారు?"

"తిని, గిన్నెలు వాళ్ళే కడిగారు."

"అమ్మా, వేళాకోళం ఆపు. ఎన్నాళ్ళు?"

"నెల బోటు మీద, రెండు వారాలు ఒడ్డు మీద. ఒడ్డున ఉన్నప్పుడు వస్తాను, గడ్డి ఎలా ఉందో చూడ్డానికి. మెర్విన్ గారూ, బండి సాయంత్రం ఇంటికి పంపండి. వీడుంటాడు. వీడెక్కడికీ పోడు."

"వెర్నా గారూ, అదేంటి, ఎదురుగా పెట్రోలు బంకు దగ్గర తెల్ల వ్యాను, ఎవరో ఇటు చెయ్యూపుతున్నాడు."

"నాకోసమే. బోటుదాకా తీసుకెళ్ళేది అదే. ఆ సంచి నాదేనండీ, చర్చికి కాదు. ఒరేయ్ డ్వేన్, ట్రక్కు తాళం సీటు మీద ఉంది. బూట్లేసుకుని తోలు, రబ్బరు చెప్పులతో ఎక్కకు. గుంట దగ్గరికి పోకు. నీ బూట్లు షెడ్డులో కిటికీ కింద పెట్టాను, తుడిచి."

"అమ్మా. అమ్మా, ఆగు. మరి రాత్రికి నాకు...?"

"రాత్రికి నేను తొమ్మిదిమందికి వండాలిరా. లేవకు, కూర్చో. నువ్వు లేస్తే బండి ఆగిపోతుంది."