నవనీత గారు అడగడం మానేసిన మాట

1994 ఆగస్టు నాలుగవ తేదీన, ముసురు పట్టిన గురువారం నాడు, డాక్టర్ నవనీత గారు మా ట్రస్టు వారి కోరుట్ల ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు వైద్యురాలిగా బాధ్యతలు స్వీకరించారు. మేడిపల్లిలో తాళ్లెక్కి కల్లు గీసి కూతుర్ని చదివించిన మొగిలయ్య గారు ఆనాడు ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని, వచ్చిన ప్రతి రోగికీ "లోపలున్న డాక్టరు నా బిడ్డనే" అని చెప్పారట. ఎంత మురిసిపోయారో ఆ తండ్రి!

కోరుట్లలో నవనీత గారికి దక్కిన పేరులో వైద్యానిది సగమైతే కోపానిది సగం. పిల్లలకు చెవిపోటు వస్తే గోరువెచ్చని నూనె పోయడం ఈ ప్రాంతంలో ఇంటింటి అలవాటు; దాంతో చెవి ఇంకా చెడుతుందని వారి కోపం. "నూనె పోసినవా?" అని తల్లిని గద్దించనిదే వారు పిల్లల చెవిలోకి చూసేవారు కాదు. ఆ కేకకు సిబ్బందిమి మేమే హడలిపోయేవాళ్లం.

వారు సిరిసిల్లలోని మా ట్రస్టు ఆసుపత్రికి బదిలీ అయ్యాక, వీర్నపల్లి నుంచి లచ్చవ్వ అనే కూలితల్లి నాలుగేళ్ల కూతురు స్వప్నను ఎత్తుకుని పదే పదే రాసాగింది. మందులు వాడితే చెవి ఆరేది. నెల తిరక్కుండా మళ్లీ చీము కారేది. వచ్చిన ప్రతిసారీ "మళ్ల పోసినవా నూనె?" అని నవనీత గారు కోప్పడ్డారు, లచ్చవ్వ తల వంచుకుని నిలబడింది. ఒక చలికాలం ఆ చీము మెదడు పొరలకు పాకింది. రోగక్రిములతో పోరాడే ప్రతిరక్షకాలు ఆ పసిదేహంలో చాలినన్ని తయారు కావడం లేదని హైదరాబాదులో రక్తపరీక్ష చేస్తే తెలిసింది. తెలిసేసరికి పాప లేదు.

నవనీత గారు స్వయంగా వీర్నపల్లి వెళ్లారు. "నూనె బంజేసి ఏడాదాయె డాక్టరమ్మా. నువ్వు పెద్ద సదువు సదివినవు గదా, నా చేతులల్లనే ఏదో దోషమున్నదనుకున్న" అన్నది లచ్చవ్వ. వారు ఆ గడపలోనే కూలబడి ఏడ్చారు.

ఆ పిమ్మట జగిత్యాలలో గడిచిన సుదీర్ఘ సేవాకాలంలో, ఆ ప్రశ్న వారి నోట మరి వినబడలేదు. ఆరిన చెవి మళ్లీ మళ్లీ కారితే, ఆ బిడ్డ రక్తం పరీక్షకు రావలసిందే. "అందరికీ ఎందుకు మేడం?" అని ల్యాబ్ వాళ్లం విసుక్కున్నాం కూడా. నిజమే, చాలామందికి ఏ లోపమూ ఉండదు. ఎదిగేకొద్దీ ఒంట్లో శక్తి పెరిగి చెవి దానంతటదే కుదుటపడుతుంది. ఇబ్రహీంపట్నం అజయ్‌కు మాత్రం లోపం బయటపడింది. నెలనెలా ప్రతిరక్షకాలు నరంలోకి ఎక్కించుకుంటూ అతడిప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. అతణ్ని చూసిన రోజున నవనీత గారు మనసారా నవ్వేవారు. సాయంత్రానికి మాత్రం ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

పదవీ విరమణ సందర్భంగా జరుగుతున్న ఈ వీడ్కోలు సభకు లచ్చవ్వను పిలవడానికి వారికి ధైర్యం చాలలేదు. ఎవరి నోట విన్నదో, పోయిన వారం తానే జగిత్యాల వచ్చింది. నవనీత గారు లేచి నిలబడ్డారు. లచ్చవ్వ వారి రెండు చేతులూ పట్టుకుంది.

"నా బిడ్డ బతకని ఏండ్లన్ని నీకే కలువనీ, డాక్టరమ్మా. పాణం మంచిగుండి నూరేండ్లు బతుకు."

ఈ సన్మాన పత్రం చివర నవనీత గారికి ఆయురారోగ్యాలు కోరుతూ సిబ్బంది అందరి తరఫున ఇంతకన్న గొప్ప వాక్యం రాద్దామని కూర్చున్నాం. చేతకాలేదు. ఆ తల్లి మాటే నిజం కావాలి.