తుప్పు బెల్లు

కోదాడలో ఆదివారం పొద్దున్నే రజిత భర్త గేర్ల సైకిలు తుడుస్తున్నాడు. రజిత కళ్లు మాత్రం దాని హ్యాండిల్‌కున్న తుప్పు బెల్లు మీదే ఉన్నాయి.

“ఇంత ఖరీదు సైకిలుకు గీ పాత బెల్లేంది? ఎవరిచ్చిన్రు?”

“ఐదో తరగతిల క్రిస్మస్ ఫ్రెండ్ ఆట ఆడినం. చీటీల ఎవరి పేరొస్తే వాళ్లకు చాటుగ బహుమతి పెట్టాలె. నాకు గిది వచ్చింది.”

“పెట్టింది ఆడపిల్లనా, మొగపిల్లగాడా?”

“పేరు రాయొద్దు గదా.”

“అప్పుడు నీకు సైకిలే లేదంటివి గదా?”

“లేదు. బెల్లు పట్టుకొని ఏడాది ఏడిస్తే నాయిన పాత సైకిలు కొనిచ్చిండు. అప్పటిసంది తొక్కుడు ఇడువలే.”

“గంత పానమా సైకిలంటే?”

“మొదట్ల కాదు. ఇచ్చినోళ్లు బెల్లు సప్పుడు గుర్తువట్టి బయటికొస్తరని మా ఊరు గరిడేపల్లిల గల్లీలన్నీ తిరిగిన.”

“వచ్చిన్రా?”

“ఎవ్వలు రాలే. గని తొక్కుడు అలవాటైంది.”

“మొన్నటిదాంక హైవే మీద పోయెటోనివి. ఇప్పుడు గీ గల్లీలల్లకెంచి ఎందుకు పోతున్నవ్?”

“హైవే మీద లారీలెక్కువైనయ్.”

అతను గేటు దాటి బెల్లు కొట్టాడు. రజిత అతని వైపు చూడనే లేదు. గేటు పట్టుకుని నిలబడి, ఏ ఇంటి తలుపు తెరుచుకుంటుందోనని గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు కలయజూసింది.